ఏడు

పదహారు వందల ఒకటి.
చరిత్ర పుస్తకంలో ఆ పుట తెరిస్తే
ముందు యుద్ధాలు, తర్వాత పుట్టుకలు, ఆఖర్న చావులు,
సంతలో మూతి కట్టిన బస్తాల్లా
వరసగా పేర్చి ఉంటాయి.
ఆ సెప్టెంబరులోనే, ఐదు రోజుల ఎడంతో
ఒక రాజ్యంలో రాజు బిడ్డ, పక్క రాజ్యంలో రాజు కొడుకు.
పద్నాలుగేళ్ళకే ఇద్దరికీ పెళ్ళి.
అదంతా ఉంది. తేదీలతో సహా ఉంది.

నాకు కావలసింది ఆ పుటలో లేని పిల్ల.
దొరక్కపోతే కల్పించుకుంటాను.

పెర్నౌ రేవుకి రెండు రోజుల నడక.
బురద దారి చివర చెక్క చర్చి.
దాని గుమస్తా హిన్రిక్ టోల్‌కి ఎడమ చెవి వినపడదు.
రాత్రుళ్ళు సిరాబుడ్డిని చంకలో పెట్టుకుని పడుకుంటాడు,
గడ్డకడితే దేవుడికి లెక్క చెప్పాల్సింది తనే కదా అని.

ఆ వేసవి వేసవి కాదు.
సూర్యుణ్ణి రెప్ప వేయకుండా చూడొచ్చు,
తోమని రాగి చెంబు.
జూనంతా వాన. ఆగస్టులో మంచు.
అప్పుడప్పుడే పాలు పట్టిన రై వెన్నులు
ఒక్క రాత్రిలో నల్లబడ్డాయి.
పాపం పండిందన్నాడు పాస్టరు,
పండింది అదొక్కటే.
పోలండు వాళ్ళ చేతబడి అన్నాడు స్వీడన్ సిపాయి.
అడవికి మనం ఒక నల్లకోడి బాకీ,
మా తాత నాటి బాకీ, అన్నాడు ముసలి ఆడో.

ఎవరూ అననిది ఒకటుంది.
పోయినేడు ఫిబ్రవరిలో
సముద్రాలకి ఆవల పెరూలో ఒక కొండ పగిలింది.
రెండు వారాలు అక్కడ పగలే దీపాలు పెట్టుకున్నారు.
ఇంటికప్పులు బూడిద బరువుకి కుంగాయి,
లామాలు నిలబడ్డచోటే కూరుకుపోయాయి.
ఆ కొండ విడిచిన ఊపిరే
ఇంకా పైన తిరుగుతోంది,
ఎవరి పొలమైతేనేం దానికి.

కాద్రికి నొప్పులొచ్చాయి.
మొగుడు మిహ్కెల్ లేడు.
సైన్యం గుర్రాన్నే అడిగింది.
గుర్రం అతను లేనిదే కదలనంది.
ఇద్దర్నీ తోలుకుపోయారు.
పైన్ చెట్టు బెరడు దంచి
పిడికెడు పిండిలో కలిపి కాల్చిన రొట్టె
మూడు నెలలుగా ఆమె తిండి,
కడుపులో పిల్ల తిండి కూడా అదే.

తెల్లారుజామున పిల్ల బయటపడింది.
నీలంగా. చప్పుడు లేకుండా.
మంత్రసాని ఎల్స్
కాళ్ళు పట్టి తలకిందులుగా ఎత్తి
వీపు మీద చరిచింది.
ఏడు, అంది.
మా భాషలో ఏడంటే సంవత్సరం,
ఏడంటే ఏడవమని కూడా.
ఆ సంగతి ఎల్స్‌కి తెలీదు, తన భాషలో తను అరిచింది,
నాకు మాత్రం ఇలాగే వినపడుతోంది:
ఏడు. ఏడవ్వే. నీ కాళ్ళు మొక్కుతా, ఏడు.

ఏడ్చింది.
వీధవతల హిన్రిక్ కుడిచెవిన పడేంతగా.

అతను బుడ్డి తీసి వేలు ముంచి చూశాడు. పర్లేదు.
పేరు రాశాడు: మారెట్. తల్లి కాద్రి.
తండ్రి దగ్గర ఆగి, "గుర్రంతో వెళ్ళాడు" అని రాశాడు.
తేదీ దగ్గర మళ్ళీ ఆగాడు.
స్వీడన్ వాళ్ళు ఉంటే ఒక తేదీ,
పోలండు వాళ్ళు వస్తే పది రోజులు ముందున్న ఇంకో తేదీ.
ఊరు ఇవాళ ఎవరిదో
పొద్దున్నే ఎవర్ని లేపి అడగడం?
"రై కోయాల్సిన రోజుల్లో" అని రాసి
దానిమీద ఇసుక చల్లాడు.

ఆ పిల్ల బతికిందా?
తర్వాతి పుటలు లేవు.
ఆ చలికాలం ఎవరో
ఒక్కొక్కటే చింపి పొయ్యిలో వేసుకున్నారు.
తప్పు పట్టలేను,
కాగితం భలే మండుతుంది.